పల్లె ఇంటికి గృహవిజ్ఞాన పాఠం: రాయడం, చేసి చూపడం

"లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు." విరేచనాల పాఠం చెప్పేవాళ్ళందరికీ నోటికొచ్చిన వాక్యం ఇది. ఇందులో తప్పేమీ లేదు. ఏ చెంచా అన్నది మాత్రం లేదు. పల్లెటూరి వంటింట్లో కనీసం మూడు చెంచాలుంటాయి. టీలో చక్కెర కలిపేది ఒకటి, పెరుగు వడ్డించేది ఒకటి, ఉప్పు డబ్బాలోనే పడుండేది ఒకటి. పాఠంలో అనుకున్నది 5 మిల్లీలీటర్ల చెంచా, అదీ పైన చదును చేసింది. వాళ్ళు తీసేది 15 మిల్లీలీటర్లు పట్టే పెరుగు చెంచా అయితే ఉప్పూ చక్కెరా రెండూ మూడింతలవుతాయి. రెండింటికీ ఒకే చెంచా వాడాం కదా, పాళ్ళు కుదిరాయనుకుంటారు. నీళ్ళు మాత్రం అదే లీటరు. అంత చిక్కటి నీళ్ళు బిడ్డ ఒంట్లో నీటిని నిలపకపోగా పేగుల్లోకి లాగేస్తాయి, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

పల్లె ఇళ్ళకు గృహవిజ్ఞానం రాసేవాళ్ళు, చెప్పేవాళ్ళు తడబడేది ఎక్కువగా ఇలాంటి చోటే. విషయం పుస్తకాల్లో దొరుకుతుంది. అది ఆ ఇంటి గిన్నెలోకి, ఆ ఇంటి చేతిలోకి దిగే దారిని మాత్రం ఎవరి పాఠానికి వాళ్ళే వేసుకోవాలి.

ముందు ఐదు ఇళ్ళు చూడండి

పాఠం రాయకముందే ఆ ఊళ్ళో ఐదు ఇళ్ళకు వెళ్ళిరండి. ఐదూ ఒకలాంటివి కాకూడదు. సొంత పొలం ఉన్న ఇల్లు, కౌలు చేసే ఇల్లు, కూలికి వెళ్ళే ఇల్లు, ఒంటరి ముసలమ్మ ఇల్లు, పసిబిడ్డ ఉన్న ఇల్లు. బస్తా పెసలు నిల్వ ఉంచుకునే ఇంటికి పురుగు పట్టకుండా దాచే పాఠం కావాలి. వారానికి అరకిలో కొట్లో కొనుక్కునే ఇంటికి ఆ పాఠంతో పనే లేదు. వాళ్ళకు కావాల్సింది ఆ అరకిలోను మొలకెత్తించి పిల్లలకు పెట్టడం, అన్నం గంజి పారబోయకుండా వండుకోవడం. ఈ తేడా చూసుకోకుండా ఒకే పాఠం అందరికీ చెబితే సగం మంది మర్యాద కోసం కూర్చుంటారు.

వెళ్ళినప్పుడు కాగితం, పెన్ను బయటికి తీయకండి. "ఎన్ని బస్తాలున్నాయి" అని అడిగితే రేషను కార్డు తీసేయడానికి వచ్చిన సర్వే అనుకుంటారు, సరైన జవాబు రాదు. "ఈ పెసలు ఇంత బాగా ఎలా దాచారు పెద్దమ్మా?" అని అడగండి, డబ్బా మూత తెరిచి చూపిస్తారు. ఆ మూత ఎలా బిగుస్తుందో, డబ్బా నేల మీదుందో బల్ల మీదుందో, గోడకు ఆనుకుని ఉందో కంటితో చూసుకోండి. బయటికి వచ్చాక రాసుకోండి.

ఇంకొకటి కూడా గమనించండి. ఆ డబ్బా తెరవమని ఎవరు చెప్పారు? చాలా ఇళ్ళలో కోడలు వండుతుంది, అత్తగారు కొలిచి ఇస్తుంది, నూనె డబ్బులు ఇంకెవరి చేతిలోనో ఉంటాయి. పాఠానికి కోడలు ఒక్కతే వస్తే, ఇంటికెళ్ళి చెప్పిన మాట "ఎన్నడూ లేని వేషాలు" అన్న ఒక్క మాటతో ఆగిపోతుంది. అత్తాకోడళ్ళిద్దర్నీ పిలవండి. కొలిచే పని అత్తగారికే అప్పగించండి.

కాలం కూడా చూసుకోవాలి. కోస్తాలో వరి కోశాక వేసే పెసర ఫిబ్రవరి, మార్చిలో ఇంటికొస్తుంది. అప్పుడు ఎండకు కొదవుండదు. తెలంగాణలో వానాకాలం పెసర ఆగస్టు చివర, సెప్టెంబరులో వస్తుంది. వాన, ముసురు, కాయ మీదే తడి. ఒకే పంటైనా ఆ పాఠం వేరు, ఈ పాఠం వేరు. మొదటిదానిలో పురుగు గురించి ఎక్కువ చెప్పాలి. రెండోదానిలో ఆరబెట్టడం గురించి చెప్పాలి, లేకపోతే పురుగు కన్నా ముందు బూజు వస్తుంది. పంట ఇంటికి రావడానికి పది రోజుల ముందు చెప్పిన పాఠమే పనికొస్తుంది. నెల తర్వాత చెబితే వింటారు, వచ్చే ఏటికి మర్చిపోతారు.

కొలతలు

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి.

పల్లెలో ఇప్పటికీ సోల, తవ్వ, మానిక ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ లెక్క చాలా చోట్ల ఒకటే. సోల ఎంత పడుతుందన్నది మాత్రం ఊరికీ ఊరికీ మారుతుంది, ఒక్కోసారి ఇంటికీ ఇంటికీ. కాబట్టి "సోలెడు" అని రాసి వదిలేయకండి. "200 గ్రాములు" అని మాత్రమే రాసినా లాభం లేదు, ఆ ఇంట్లో తక్కెడ ఉండదు. చేయాల్సింది ఇది: ఆ ఇంటి సోలను అంచుదాకా నీళ్ళతో నింపి, ఖాళీ లీటరు నీళ్ళ సీసాలో పోయండి. ఎంతదాకా వచ్చిందో గీత పెట్టండి. నాలుగు సోలలకు సీసా నిండితే సోల పావు లీటరు. మూడుకే నిండితే సోల పెద్దది. ఊళ్ళో మూడు నాలుగు ఇళ్ళ సోలలు ఇలా చూశాక, పాఠంలో ఏ కొలత వాడాలో తేలుతుంది.

లీటరుకు ఆ నీళ్ళ సీసాకు మించిన కొలపాత్ర లేదు. కొత్త సీసా మీద 1 లీటరు అని అచ్చేసి ఉంటుంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. చెంచా కొలవడానికి పిల్లల సిరప్పు సీసా మీది చిన్న ప్లాస్టిక్ మూత చాలు. దాని మీద 2.5, 5, 10 గీతలుంటాయి. 5 గీత దాకా నీళ్ళు పోసి, ఇంట్లో ఉన్న ఒక్కో చెంచాలో ఒంపి చూడండి. అంచుదాకా సరిగ్గా నిండి, పొర్లకుండా నిలిచింది మన చెంచా. దాని కాడకు ఎర్ర దారం కట్టించండి. దారం కట్టిన చెంచా అంటే ఆ ఇంట్లో ఇక ఎవరూ పొరబడరు.

ఉప్పుతో ఇంకో చిక్కుంది. గళ్ళ ఉప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. రాళ్ళ మధ్య గాలి ఉంటుంది కాబట్టి గళ్ళ ఉప్పు తక్కువ తూగుతుంది. ఆవకాయలో గళ్ళ ఉప్పుకు రాసిన కొలతకే మెత్తటి ఉప్పు పోస్తే పచ్చడి ఉప్పుకషాయం అవుతుంది. మెత్తటిదానికి రాసిన కొలతకు రాళ్ళు పోస్తే ఉప్పు చాలక బూజు పడుతుంది. కాబట్టి ఎక్కడ ఉప్పు రాసినా ఏ ఉప్పో రాయండి. ఓఆర్ఎస్ పాఠంలో, అంటే మొదట చెప్పిన ఉప్పు చక్కెర నీళ్ళలో, చక్కెర, ఉప్పు రెండూ మెత్తటివే, చాకు వీపుతో పైన చదును చేసినవే.

ఓఆర్ఎస్ సంగతి వచ్చింది కాబట్టి: ఇంట్లో కలుపుకునేది రెండో దారి. అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్త దగ్గరో ప్యాకెట్టు దొరికితే అదే మొదటి దారి. లీటరు ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. "బిడ్డ చిన్నది కదా" అని గ్లాసు నీళ్ళలో కొంచెం పొడి వేసి, మిగతాది మడిచి దాచడం చాలా చోట్ల చేసే పొరపాటు. పొడిలో ఉప్పు ఒకచోట, చక్కెర ఒకచోట చేరి ఉండొచ్చు, ఆ గ్లాసులో ఏది ఎంత పడిందో తెలియదు. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయాలి. జింకు బిళ్ళలు 14 రోజులు: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నబిడ్డకు 10. విరేచనాలు తగ్గినా మానకూడదు. మలంలో రక్తం, తాగలేకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, పిలిస్తే పలకకుండా మగతగా పడుండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నీళ్ళు కలుపుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ వాక్యం కాగితం అడుగున కాదు, పైనే ఉండాలి.

మూడుసార్లు చేసి చూడండి

మొదటిసారి మీ చేత్తో. రెండోసారి ఆ ఊరి ఇంట్లో, వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ గిన్నెలో, మీరు పక్కనుండి చెబుతూ. మూడోసారి మీరు రాసిన కాగితం మాత్రం ఇచ్చి, మీరు నోరు మూసుకుని కూర్చుని.

మూడోదే అసలు పరీక్ష. ఆమె చదువుతూ చేస్తూ ఎక్కడ ఆగి మీ మొహం చూస్తుందో అక్కడ మీ రాత తప్పింది. ఆమెకు అర్థం కాలేదనుకుని నోటితో వివరించేస్తే ఆ తప్పు కాగితంలో అలాగే ఉండిపోతుంది. ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని, ఆ వాక్యాన్ని మార్చి, ఇంకో ఇంట్లో మళ్ళీ ఇవ్వండి. చదవడం రాని ఇంట్లో ఐదో తరగతి పిల్లో పిల్లాడో పైకి చదువుతారు. అంటే మీ వాక్యం పదేళ్ళ పిల్లాడి నోట్లో పట్టేంత ఉండాలి, పది పదాలు దాటకూడదు.

పోషకాల అంకెలు ఎక్కడైనా వాడితే నోటి మాట మీద వాడొద్దు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు కొత్తగా వేసింది, వాటిలో చూసుకోండి. నిల్వ, ఎండబెట్టడం లాంటివాటికి జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గృహవిజ్ఞాన శాస్త్రవేత్త ఉంటే అక్కడ ఒకసారి సరిచూపించుకోండి. 1952లో మొదలైన సమాజ వికాస పథకం కింద పనిచేసిన గ్రామసేవికలు ఇంతకన్నా తక్కువ సరంజామాతో ఇదే పని చేశారు. వాళ్ళకున్నది ఊళ్ళో మకాం. మనకున్నది వచ్చిపోయే బస్సు. ఆ లోటును పూడ్చేది ఈ మూడు పరీక్షలే.

ఒక పాఠం పూర్తిగా: పెసలకు పురుగు

ఎలా కట్టాలో చూపడానికి ఒక పాఠం తీసుకుందాం. పది కిలోల పెసలు, ఎండ బాగా కాసే రోజులు.

మొదట కారణం చెప్పాలి, కానీ ఉపన్యాసంగా కాదు. చాటలో పిడికెడు పెసలు పోసి, భూతద్దం చేతికివ్వండి. ఆకుపచ్చ గింజ మీద ఆవగింజ కన్నా చిన్న తెల్లటి చుక్క కనిపిస్తుంది, గోటితో గీకితే పొలుసులా ఊడుతుంది. అది గుడ్డు. గుడ్డు పొదిగాక పిల్లపురుగు బయటికి రాదు, గుడ్డు అడుగునుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. లోపలే తిని, పెరిగి, నెల తిరక్కుండా గుండ్రటి రంధ్రం చేసుకుని పెద్దపురుగై బయటికొస్తుంది. మనకు కనిపించేది అప్పుడే. కాబట్టి "నిన్నటిదాకా బాగున్నాయి, రాత్రికి రాత్రి పుచ్చాయి" అనిపిస్తుంది. ఆ పురుగు చాలా వరకు పొలంలో కాయ మీద పెట్టిన గుడ్డు నుంచే మొదలై, గింజతో పాటు ఇంటికి వచ్చింది. డబ్బా ఎంత గట్టిదైనా, దొంగను లోపల పెట్టి తాళం వేసినట్టే. ఈ ముక్క అర్థమైతే మిగతా పనులు ఎందుకో అడగాల్సిన పనుండదు.

తర్వాత పని, వరుసలో:

1. పెసలు చెరిగి, జల్లించి, విరిగినవి, తాలు తీసేయండి. విరిగిన గింజల పొడి చెమ్మను పట్టి ఉంచుతుంది.

2. పట్టా మీద పలచగా పోసి రెండు మూడు రోజులు ఎండబెట్టండి. పొద్దు వాలకముందే ఎత్తండి. పది గింజలు తీసి ఒక్కొక్కటి పంటి కింద కొరకండి. పదీ టక్కుమని విరగాలి. ఒక్కటి నొక్కుకుపోయినా ఇంకో రోజు.

3. అనుమానం తీరకపోతే ఉప్పు పరీక్ష. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు పెసలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత పెట్టి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే చెమ్మ నూటికి 15 పాళ్ళ పైనే ఉన్నట్టు. అంటుకోకపోతే అంతకు లోపు. పప్పుధాన్యానికి పది లోపు ఉండాలి కాబట్టి ఈ పరీక్ష దాటినా పంటి పరీక్ష తప్పదు.

4. విత్తనానికి ఉంచుకునేవి ఇప్పుడే వేరుగా తీయండి. ఇక కింద చెప్పే పనులు తిండి గింజలకు.

5. మిట్టమధ్యాహ్నం నేల మీద గడ్డి గానీ గోనెలు గానీ పరవండి. దాని మీద నల్లటి పాలిథీన్, పైన పెసలు వేలి మందం కన్నా ఎక్కువ లేకుండా పోయండి. పది కిలోలకు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు చాలు. పైన గాలి చొరకుండా తెల్లటి పారదర్శక పాలిథీన్ కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టండి. రెండు మూడు గంటలు ఉంచండి.

6. కప్పు తీసి, నీడలో పూర్తిగా చల్లారనివ్వండి, రాత్రంతా అయినా సరే.

7. కిలోకు దారం చెంచాతో ఒక చెంచా ఆముదం గానీ వేరుశనగ నూనె గానీ, అంటే పది కిలోలకు 50 మిల్లీలీటర్లు. రెండేసి కిలోలుగా చాటలో పోసి, రెండు చేతులతో పాముతూ ప్రతి గింజా మెరిసేదాకా కలపండి.

8. ఎండలో పెట్టిన పొడి డబ్బాలో గొంతుదాకా నింపి, మూత సందుకు టేపు గానీ పేడమట్టి గానీ పూయండి. గోడకు జానెడు దూరంలో, బల్ల మీద ఉంచండి. నెలకు సరిపడా వేరే చిన్న డబ్బాలో తీసుకోండి.

ఇక చెడేది ఎక్కడ, ఎందుకు అన్నది. పాఠంలో సగం ఇదే ఉండాలి.

పాలిథీన్ కప్పిన అరగంటకు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే పెసలు ఆరలేదన్నమాట. కప్పు తీసేసి రెండో పనికి వెనక్కి వెళ్ళాలి. అలాగే ఉంచితే ఉడికి, వాసన వచ్చి, బూజు పడతాయి. అడుగున గడ్డి లేకుండా నేల మీదే పోస్తే పై గింజలు వేడెక్కుతాయి, అడుగువి ఎక్కవు. 57 డిగ్రీల వేడి ఒక గంట తగిలితే గింజలో ఉన్న పురుగు ఏ దశలో ఉన్నా చస్తుంది. పైన మందంగా పోసినా, కింద నేల చల్లగా ఉన్నా ఆ వేడి చేరదు, అక్కడ మిగిలిన పది పురుగులు చాలు. మబ్బు పడితే ఆ రోజు ఈ పని వాయిదా. గోరువెచ్చటి పెసలు డబ్బాకెత్తితే రాత్రికి డబ్బా గోడలు చెమర్చి పై పొర ముద్ద కడుతుంది.

నూనె వేడి పనికి బదులు కాదు. గుడ్డు గింజకు అంటకుండా, అంటినది పొదగకుండా నూనె ఆపుతుంది. అప్పటికే గింజలోకి దూరిన పురుగును ఏమీ చేయలేదు. అందుకే ముందు వేడి, తర్వాత నూనె. "మేమూ ఆముదం రాశాం, అయినా పట్టింది" అనేవాళ్ళ ఇంట్లో జరిగింది సాధారణంగా ఇదే. "ఎక్కువ రాస్తే ఇంకా మంచిది" కూడా కాదు. కిలోకు రెండు మూడు చెంచాలైతే దుమ్ము పట్టి, నాలుగు నెలలకు ముక్కిపోయిన వాసన వస్తుంది.

వేపాకు వేస్తామంటారు. వేయొచ్చు, నీడన పెళపెళలాడేలా ఆరినదైతే. పచ్చాకు వేస్తే ఆకులోని తడి గింజకు చేరుతుంది, పురుగు సంగతి అటుంచి బూజు వస్తుంది.

సగం డబ్బా పెసలు పోసి మూత బిగించడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. మిగతా సగం గాలే, పురుగుకు నెలల తరబడి ఊపిరి. డబ్బా పెద్దదైతే పెసలను చిన్న డబ్బాలోకి మార్చండి.

ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంట్లో, మనుషులు పడుకునే గదిలో ధాన్యంలో పెట్టడం ప్రాణాలు తీసే పని. ఆ బిళ్ళ నుంచి వచ్చే గ్యాసు తలుపు సందుల్లోంచి పక్క గదికి కూడా వెళ్తుంది. "ఒక్క బిళ్ళే కదా" అన్నవాళ్ళకు ఒక్క బిళ్ళ చాలని చెప్పండి. అలాగే బూజు పట్టిన వేరుశనగ. వేయించినా ఉడికించినా అందులోని అఫ్లాటాక్సిన్ విషం పోదు. పశువులకు వేయడమూ తప్పే, పాలల్లోకి వస్తుంది.

కందులకైతే ఇంకో సులువుంది. ఏడాదికి కావాల్సినవి పప్పుగా ఆడించి పెట్టుకుంటే ఈ పురుగు బెడద చాలా తగ్గుతుంది, దీనికి గుడ్డు పెట్టడానికి పొట్టుతో ఉన్న నిండు గింజ కావాలి.

విత్తనం పెసలకు పాలిథీన్ కప్పు వద్దు, వేడి ఎక్కువైతే మొలక దెబ్బతింటుంది. ఎండబెట్టి, నూనె రాసి, చిన్న డబ్బాలో నిండా పెట్టుకోవాలి. విత్తే వారం ముందు వంద గింజలు తడిబట్టలో కట్టి ఎన్ని మొలిచాయో లెక్క చూసుకోవాలి.

చూపించే రోజు

ఇరవై మంది దాటితే వెనకవాళ్ళకు చాట కనిపించదు. అరవై మంది వస్తే ఫోటో బాగుంటుంది, పాఠం పోతుంది. డ్వాక్రా సంఘం మీటింగు రోజున, లెక్కలు అయ్యాక కాదు, మొదలవకముందు గంట అడగండి. లెక్కలయ్యాక అందరి మనసూ ఇంటి మీదే. వేళ మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర. నాట్ల రోజుల్లో, మిరప కోత రోజుల్లో పిలవకండి. వస్తే ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినట్టు.

స్థలం ఎవరి ఇంటి అరుగైనా కావచ్చనుకోకండి. ఒక వీధి అరుగు మీద పెడితే ఇంకో వీధి వాళ్ళు రారు, వచ్చినా దూరంగా నిలబడి వెళ్ళిపోతారు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. బడి వరండా, అంగన్‌వాడీ, పంచాయతీ ఆఫీసు నయం. చాట మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెట్టండి.

తీసుకెళ్ళాల్సినవి: రెండు భూతద్దాలు, ఊళ్ళోనే దొరికిన పురుగు పట్టిన పెసలు ఒక సీసా, మంచివి ఒక సీసా, గాజు సీసా, సిరప్పు మూత, చాకు, ఎర్ర దారం ఉండ, పాలిథీన్లు రెండూ, ఐదు కిలోల పెసలు. పాలిథీన్ పని ఉదయం పదకొండుకే మొదలుపెట్టి ఉంచండి. రెండు గంటలకు వాళ్ళు వచ్చి కప్పు ఎత్తి గింజల్లో చెయ్యి పెట్టగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అంత వేడి అని మీరు నోటితో చెప్పక్కర్లేదు.

పనిని మీరు చేయకండి. మొదటి కిలో మీరు, రెండో కిలో వాళ్ళు. నూనె కొలిచేది పెద్దమ్మలు, పామేది కోడళ్ళు. ఒకావిడ ఎక్కువ పోస్తే ఆపకండి, పోయనిచ్చి రెండు చాటలూ పక్కపక్కన పెట్టండి. ఒకటి మెరుస్తుంది, ఇంకొకటి ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఎవరో ఒకరు "మా అమ్మ బూడిద కలిపేది" అంటారు. తప్పనకండి. బూడిద కూడా పనిచేస్తుంది, గింజల మధ్య సందులన్నీ నిండేంత కలిపితే. పిడికెడు చల్లితే కాదు. వాళ్ళకు తెలిసినదానికి కొలత చేర్చడమే మన పని.

రాత

పత్రికకు రాసినా, గోడకు అంటించే కాగితం రాసినా ఒకే జబ్బు కనిపిస్తుంది. "పెసలను తగినంత తేమ శాతం వచ్చేవరకు ఎండబెట్టి, శుభ్రమైన డబ్బాలలో భద్రపరచవలెను." తగినంత అంటే ఎంతో తెలిస్తే ఆమెకు మన కాగితమే అక్కర్లేదు. తగినంత, కొద్దిగా, కాసేపు, బాగా, శుభ్రంగా అన్న ఐదు మాటలు మీ రాతలో ఎక్కడ కనిపించినా ఆగి, అక్కడ కంటికి, చేతికి, పంటికి తెలిసే గుర్తు పెట్టండి. "పది గింజలు కొరకండి, పదీ టక్కుమని విరగాలి" అన్నది "తేమ శాతం"కు తెలుగు.

"నిల్వ యాజమాన్య పద్ధతులు" అని శీర్షిక పెట్టకండి. "పెసలకు పురుగు పట్టకుండా" అంటే చాలు. జిల్లా మాట వాడండి. సొరకాయ అనే ఊళ్ళో ఆనపకాయ అని రాస్తే అర్థమవుతుంది, కానీ ఇది మనకు రాసింది కాదనుకుంటారు. వస్తువుల పేర్లు మొదటే ఒకచోట రాయండి, మూడో పనిలో ఉన్నట్టుండి సీసా అడిగితే పొయ్యి మీద పని వదిలి వెతుక్కోవాలి. చేయకూడనిది చెప్పాల్సి వస్తే ఎందుకో అదే వాక్యం పక్కన రాయండి. కారణం లేని "వద్దు"ను మూడో రోజుకు ఎవరూ గుర్తుంచుకోరు. అక్షరాలు పెద్దవిగా, ఒక కాగితానికి ఒకే పని. ఖాళీ ఉంది కదా అని అడుగున రక్తహీనత గురించి నాలుగు ముక్కలు చేర్చకండి. అది వేరే కాగితం.

ఆ కాగితంలో కూడా అదే పద్ధతి. "ఇనుము ఎక్కువున్న ఆహారం తినాలి" అని కాకుండా, ఆకుకూర పప్పు అన్నంలో నిమ్మకాయ పిండుకోండి, తిన్నాక గంట దాకా టీ తాగొద్దు అని రాయండి. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, టీలోని వగరు ఆపుతుంది. పొలం నుంచి వచ్చి అన్నం తిని వెంటనే టీ తాగే అలవాటున్న ఇంట్లో ఈ ఒక్క గంటే పాఠం. గంజి వార్చొద్దన్న పాఠమూ అంతే. వార్చిన గంజితో బి1 విటమిన్ పోతుందన్నది నిజమే, కానీ అన్నం ముద్దయితే మర్నాడే మళ్ళీ వారుస్తారు. కొత్తబియ్యానికి నీళ్ళు తక్కువ, పాతబియ్యానికి ఎక్కువ. ఆ ఇంటి గిన్నెలో ఆ ఏటి బియ్యానికి ఎన్ని నీళ్ళో కొలిచి చూపకుండా విటమిన్ పేరెత్తకండి.

మళ్ళీ వెళ్ళడం

పెసల పాఠానికి పదిహేను రోజులకే వెళ్తే ఏమీ తెలియదు, పురుగు ఉన్నా ఇంకా గింజలోనే ఉంటుంది. నెల దాటాక, నలభై రోజుల లోపు వెళ్ళండి. డబ్బా మధ్యలోంచి వంద గింజలు తీసి, రంధ్రం ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. పాఠానికి రాని ఒక ఇంట్లో కూడా వంద తీయండి. రెండు లెక్కలూ ఆ ఇంటి గోడ మీదే సుద్దతో రాయండి, పక్కింటివాళ్ళు అడుగుతారు.

చేయని ఇళ్ళలో ఎందుకు చేయలేదో అడగండి, నింద లేకుండా. సాధారణంగా వచ్చే జవాబులు మూడు. పాలిథీన్ లేదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. మేకలు తినేశాయి. మొదటిదానికి, సంఘానికి ఒక జత పాలిథీన్ కొని ఇంటింటికీ తిప్పొచ్చు. రెండోదానికి, నాలుగు ఇళ్ళ పెసలు ఒకే చోట, ఇంటి దగ్గరుండే ముసలమ్మ కాపలాలో. మూడోదానికి మిద్దె. ఇవేవీ మీ మొదటి కాగితంలో లేవు. రెండోసారి అచ్చు వేయించేటప్పుడు, పాలిథీన్ చుట్టూ రాళ్ళు పెట్టండి అన్న వాక్యం తర్వాత, మేకలు ఎక్కని చోట అని చేర్చండి.